విశాఖ ఉప్పుగాలిలో హాలీహాక్స్: విత్తనం నుంచి మళ్ళీ విత్తనం దాకా

మన విశాఖలో హాలీహాక్స్ రావండీ, అవి చలి ప్రాంతాల పూలు, ఢిల్లీలోనో డెహ్రాడూన్‌లోనో పెంచుకోవాలి అని చాలామంది అంటారు, నర్సరీల్లో అడిగినా అదే మాట. నేను ఒప్పుకోను. వస్తాయి. ఆరడుగుల కాడ లేచి కింద నుంచి పైదాకా అరచేయంత పూలు పూస్తాయి, అదీ మన సముద్రపు గాలిలోనే. కాకపోతే విత్తనం ఎలాంటిది, ఎప్పుడు వేశారు, తర్వాతి ఏడాదికి విత్తనం ఏ మొక్క నుంచి తీశారు, ఈ మూడు విషయాల్లో పట్టుదలగా ఉండాలి. ముఖ్యంగా మూడోది. దాని గురించే ఇదంతా రాస్తున్నాను, ఎందుకంటే హాలీహాక్స్ పెంచడం మీద దొరికే సమాచారం చాలావరకు మంచు పడే దేశాల వాళ్ళు రాసిందే, అందులో చెప్పిన నెలలు గానీ చెప్పిన వాతావరణం గానీ మనకి ఒక్కటీ సరిపోదు.

చూడనివాళ్ళ కోసం ముందు కొంచెం చెప్తాను. ఇది మందారం కుటుంబం. బెండ, గోంగూర, పత్తి, గంగరావి, రోడ్డు పక్కన దానంతటదే మొలిచే తుత్తురుబెండ, అన్నీ దీని చుట్టాలే. పువ్వు చూస్తే ఆ పోలిక తెలుస్తుంది, మధ్యలో నిలబడే పుప్పొడి కాడ అచ్చం మందారంలో ఉన్నట్టే ఉంటుంది, ఆకు నలిపితే బెండకాయ కోసినప్పటి జిగురే చేతికి అంటుతుంది. ఆకు మాత్రం పెద్దది, గరుకుగా ఉంటుంది. మా వీధిలోకి ఆకుకూరలు తెచ్చే మామ్మ మొదటిసారి చూసి "ఇదేటమ్మా, బెండ మొక్కనుకున్నాను, తీరా సూస్తే గుమ్మడాకులాగుంది, పువ్వేమో మందారంలాగుంది" అంది, అంతకంటే బాగా నేనూ వర్ణించలేను. శాస్త్రీయంగా పేరు ఆల్సియా రోజియా. అడవిలో సహజంగా పెరిగే అసలు మొక్క ఏదో ఇప్పటికీ తేలలేదు, మనుషుల తోటల్లోనే ఎన్నో వందల ఏళ్ళుగా తిరుగుతూ వచ్చిన మొక్క ఇది, దీని దగ్గరి బంధువులు మాత్రం ఎక్కువగా పశ్చిమాసియా, మధ్య ఆసియా కొండల్లో ఉన్నాయి. యునానీ వైద్యంలో గుల్‌ఖైరా అని ఎండబెట్టి వాడే పువ్వు కూడా ఇదే.

నా దగ్గరికి విత్తనాలు వచ్చింది నేవీ వాళ్ళ ఇంటి నుంచి. విశాఖలో ఈ అదృష్టం ఒకటుంది, తూర్పు నౌకాదళం ఇక్కడ ఉండటం వల్ల దేశం నలుమూలల నుంచి కుటుంబాలు ట్రాన్స్‌ఫర్ మీద వస్తాయి, రెండు మూడేళ్ళు ఉంటాయి, వెళ్తూ వెళ్తూ కుండీలూ మొక్కలూ పక్కింటి వాళ్ళకి ఇచ్చి వెళ్తాయి. అలా మా పక్కింటి ఆంటీ డెహ్రాడూన్‌లో వాళ్ళ అత్తగారి పెరట్లో తరతరాలుగా వస్తున్న విత్తనాలు ఒక పాత మందుల కవర్లో పోసి ఇచ్చారు. రంగులు చెప్పలేదు, ఆవిడకీ తెలియదు, అన్నీ కలిసిపోయాయన్నారు. లేత గులాబీ, ముదురు గులాబీ, తెలుపు, మధ్యలో ఎర్రచుక్క ఉన్న లేత పసుపు, ఇంకా నల్లగా కనిపించే మెరూన్ ఒకటి వచ్చాయి తర్వాత.

మనం నాటు విత్తనం అంటాం కదా, ఇంగ్లీషు వాళ్ళు హెయిర్‌లూమ్ అంటున్నది దాదాపు అదే. తేనెటీగలు వాటి ఇష్టానికి అవి పరాగసంపర్కం చేసుకుంటూ, ఎవరో ఒకరు ఏటేటా దాచుకుంటూ వచ్చిన విత్తనం. రెండు రకాల్ని కలిపి తయారుచేసిన ఎఫ్-వన్ హైబ్రిడ్ విత్తనం ప్యాకెట్ కొంటే పూలు ఒకే ఎత్తులో, ఒకే రంగులో వస్తాయి, కానీ దాని విత్తనం మళ్ళీ వేస్తే వచ్చే పిల్లలు తల్లిలా ఉండవు, కాబట్టి ప్రతి ఏడాదీ మళ్ళీ కొనాలి. నాటు విత్తనంలో అయితే మొక్కకీ మొక్కకీ తేడా ఉంటుంది. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, ఒకటి ముందు పూస్తుంది, ఒకదాని ఆకు తెగులుకి లొంగదు. ఆ తేడాలే మనకి కావలసింది, ఎందుకంటే అన్నీ ఒకేలా ఉంటే ఎంచుకోవడానికి ఏముంటుంది?

ఇక అసలు చిక్కు. పాతకాలపు హాలీహాక్ చాలావరకు రెండేళ్ళ మొక్క. మొదటి ఏడాది నేలకి అంటుకుని ఆకులు మాత్రం వేస్తుంది, వేరు లావెక్కించుకుంటుంది, చలికాలం గడిచాక రెండో ఏడాది కాడ లేపి పూస్తుంది, కొన్ని మొక్కలు మూడో ఏడాది కూడా బతుకుతాయి. చలి దేశాల్లో ఇది బాగానే ఉంటుంది. మన దగ్గర మొదటి ఏడాదికీ రెండో ఏడాదికీ మధ్యలో మే నెల ఉక్కపోత, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలు, అక్టోబర్ నవంబర్లలో తుఫాన్లు, ఇవన్నీ ఉంటాయి. ఆ తేమలో నేలకి అంటుకున్న ఆకుల గుబురు కుళ్ళకుండా ఉండటం చాలా కష్టం, నాకు బతికినవి అరుదు. అందుకే ఉత్తరాది మైదానాల్లో చేసినట్టే మనమూ దీన్ని చలికాలపు పంటలా పెంచాలి, అంటే శరదృతువులో విత్తి వేసవి మొదట్లో పూలు చూసి విత్తనం తీసేసుకోవడం. నాటు విత్తనాల్లో కొన్ని మొక్కలు ఇలా అదే సీజన్లో పూస్తాయి, కొన్ని మొండికేసి ఆకులతోనే ఉండిపోతాయి. పూసిన వాటి విత్తనమే మీకు కావాలి, అది మర్చిపోవద్దు, మళ్ళీ అక్కడికే వస్తాను.

నాకు క్యాలెండర్ కంటే పండగల లెక్క తేలిక. దసరా ముందు ట్రేలలో విత్తనం, నాగుల చవితి అయ్యాక నేలలోకి మార్పు, సంక్రాంతి వెళ్ళి పగలు పొడుగయ్యే కొద్దీ కాడ లేవడం, శివరాత్రి అటూ ఇటూగా మొదటి పువ్వు, ఉగాదికి నిండుగా, సింహాచలం అప్పన్న చందనోత్సవం నాటికి కింది కాయలు ఎండి విత్తనం చేతికి. పండగలు ఒక ఏడాది ముందు, ఒక ఏడాది వెనక వస్తాయి కాబట్టి మొక్క కూడా అచ్చంగా అదే రోజుకి పూస్తుందని కాదు, కానీ వరస మాత్రం ఇదే. విత్తడం ఆలస్యమై డిసెంబర్‌లో వేస్తే మొక్క బలం పుంజుకునే లోపే ఎండలు ముదిరిపోతాయి, కాడ మోకాలెత్తు లేచి నాలుగు పూలు పూసి ఆగిపోతుంది. ఆగస్టులో వేస్తే వానలకి నారు పోతుంది. నారు వేయడానికి మంచి అదను సెప్టెంబర్ చివరి వారం నుంచి అక్టోబర్ మధ్య దాకా, అదీ వాన పడని చోట, మేడ మెట్ల కింద గానీ రేకుల షెడ్డు అంచున గానీ.

విత్తనం పలచటి గోధుమరంగు బిళ్ళ, అంచు కాగితంలా ఉంటుంది. రాత్రంతా నీళ్ళలో నానబెడితే తొందరగా మొలుస్తుంది. అర సెంటీమీటర్ కంటే లోతు వద్దు, పైన పలచగా మట్టి చల్లితే చాలు. తాజా విత్తనమైతే మన వాతావరణంలో వారం పదిరోజుల్లో మొలక కనిపిస్తుంది, పాతదైతే రెండు వారాలు చూడండి. ముఖ్యమైంది ఏంటంటే ఇది తల్లివేరు మొక్క, ముల్లంగిలా వేరు నిటారుగా కిందికి దిగుతుంది, పెద్దయ్యాక పీకి నాటితే చాలా బాధపడుతుంది, అందుకని వెడల్పు ట్రేలో ఒత్తుగా చల్లొద్దు. పాల ప్యాకెట్లు కడిగి అడుగున చిల్లులు పెట్టి నిలువుగా నింపుకోవచ్చు, లేదా న్యూస్‌పేపర్ చుట్టి గొట్టాలు చేసుకుంటే అలాగే కాగితంతో సహా నేలలో పెట్టేయొచ్చు. మట్టి మిశ్రమం పెద్ద రహస్యమేం కాదు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), బాగా మాగిన వర్మీకంపోస్ట్, కొంచెం ఇసుక. కోకోపీట్ ఒక్కదాంట్లోనే వేస్తే తేమ ఎక్కువై నారుకుళ్ళు వస్తుంది, మొలక మొదలు దగ్గర నల్లబడి పక్కకి పడిపోతుంది, ఒకటి పడిందంటే పక్కవి కూడా వరసగా పడతాయి. ట్రైకోడెర్మా అని కుళ్ళు తెగుళ్ళని అణిచే మేలు శిలీంధ్రం పొడి మన దగ్గర ఎరువుల షాపుల్లో దొరుకుతుంది, దాన్ని కంపోస్ట్‌లో కలిపి వారం పాటు నీడలో తడిగా ఉంచి తర్వాత వాడితే నారుకుళ్ళు బాగా తగ్గుతుంది. నీళ్ళు పొద్దున్నే, అదీ పై పొర ఆరాకే.

మూడు నాలుగు అసలు ఆకులు రాగానే నేలలోకి మార్చేస్తాను, వేరు ప్యాకెట్ అడుగున చుట్టుకోక ముందే. మాది ఎర్రనేల. విశాఖ చుట్టుపక్కల చాలా చోట్ల ఇదే, నీళ్ళు త్వరగా ఇంకిపోతాయి, హాలీహాక్‌కి అది మంచిదే, మొక్క మొదలు దగ్గర నీళ్ళు నిలవడం దీనికి అస్సలు పడదు. కానీ బలం తక్కువ, అందుకని అడుగున్నర లోతు తవ్వి మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి పెట్టుకుంటాను. సముద్రం మాకు తూర్పు వైపు, ప్రహరీ గోడ కూడా అటే ఉంది, దానికి లోపలి వైపు నాటాను. పొద్దున్న ఎండ కాస్త ఆలస్యంగా పడుతుంది, అయినా ఆరు గంటలకి తక్కువ కాకుండా దొరుకుతుంది, గాలి మాత్రం నేరుగా తగలదు. బీచ్ రోడ్డుకి దగ్గరగా ఉన్న మేడల మీద పెంచేవాళ్ళకి ఇది ఇంకా ముఖ్యం, ఉప్పుగాలికి ఆకు అంచులు మాడిపోతాయి, ఎదురుగా ఏదో ఒక అడ్డు ఉండాలి, షేడ్‌నెట్ అయినా సరే. గోడకి ఆనించి నాటొద్దు, అడుగు దూరం వదలండి, మొక్కకీ మొక్కకీ మధ్య అడుగున్నర నుంచి రెండడుగులు. "ఇంత చోటు వదిలేశావేంటమ్మా, మధ్యలో నాలుగు వంగ మొక్కలు పట్టేవి కదా" అని మా అత్తయ్యగారు అడుగుతూనే ఉంటారు. ఆ ఖాళీ గాలి కోసం అండీ. గాలి ఆడకపోతే వచ్చేది తుప్పు.

తుప్పు తెగులు గురించి వివరంగా చెప్పాలి, హాలీహాక్ పెంచేవాళ్ళు ప్రపంచంలో ఎక్కడున్నా దీంతోనే పోరాడతారు. ఆకు పైన చిన్న పసుపు చుక్కలు కనిపిస్తాయి, తిప్పి చూస్తే అడుగున ఇటుకరంగు పొక్కులు. కింది ఆకుల మీద మొదలై పైకి ఎక్కుతుంది. ఇది పక్సీనియా మాల్వేసియరమ్ అనే శిలీంధ్రం, పుట్టింది దక్షిణ అమెరికాలో, మొట్టమొదట చిలీలో గుర్తించారు. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో హాలీహాక్స్ అంటే ఒక పిచ్చి ఉండేది, శాఫ్రన్ వాల్డెన్ అనే ఊళ్ళో విలియం ఛాటర్ అనే నర్సరీ ఆయన ముద్దపూల రకాలు తయారుచేసి చాలా పేరు తెచ్చుకున్నాడు, ఇప్పటికీ ఛాటర్స్ డబుల్ అని ఆ పేరుతో విత్తనాలు అమ్ముతున్నారు. 1873లో ఈ తుప్పు ఇంగ్లండ్ చేరింది, అంతే, ఆ వైభవమంతా దెబ్బతింది. మంచి మంచి రకాలు అప్పట్లో పోయాయి. పోకుండా మిగిలింది ఎక్కడంటే పల్లెటూళ్ళ ఇళ్ళ గోడల పక్కన, ఎవరూ ప్రదర్శనలకి పెట్టని మామూలు ఒంటిరెక్క మొక్కలు. నాటు విత్తనం మీద నా ప్రేమకి ఇది కూడా ఒక కారణం.

మన దగ్గర దీన్ని ఎలా అదుపులో పెట్టాలంటే, నీళ్ళు మొక్క మొదలు దగ్గరే పోయాలి, పైపుతో ఆకుల మీద కొట్టకూడదు, ఎందుకంటే చినుకులు చిందడంతో కూడా అది ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకి పాకుతుంది. మొక్క అడుగెత్తు దాటాక నేలకి తగులుతున్న ఆకుల్ని కత్తిరించేయాలి. పొక్కులు కనిపించిన ఆకుని అప్పుడే కోసి చెత్తబండికి ఇచ్చేయండి, ఇంటి కంపోస్ట్ బుట్టలో వేయొద్దు, అక్కడ బతికి మళ్ళీ మొక్కలకే వస్తుంది. మరీ ఎక్కువైతే నీళ్ళలో కరిగే గంధకం పిచికారీ చేయొచ్చు, కానీ ఎండ ముదిరాక గంధకం కొడితే ఆకు మాడుతుంది, కొట్టేది ఏదైనా ఫిబ్రవరి లోపలే, సాయంత్రం పూట. నేను ఇప్పుడు అదీ కొట్టడం మానేశాను, కారణం కింద చెప్తాను.

మిగతా పురుగులు బెండ పెంచినవాళ్ళకి తెలిసినవే. తెల్లదోమ, పిండినల్లి, పేనుబంక, ఎండలు ముదిరాక ఎర్రనల్లి. వేపనూనె లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్లు, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి ఆకు అడుగున తడిసేలా కొడితే సరిపోతుంది. ఒక్కటి మాత్రం జాగ్రత్త, బెండకి వచ్చే పల్లాకు తెగులు లాంటిది, అంటే ఈనెలు పసుపుగా మారేది, హాలీహాక్‌కి కూడా వస్తుంది. తెల్లదోమే మోసుకొస్తుంది. ఈనెలు పసుపెక్కిన మొక్కని ఇక బతికించలేరు, పీకేయడమే మంచిది, ఎంత పెద్దదైనా సరే. అందుకని బెండ మడికి పక్కనే హాలీహాక్స్ వద్దు. మా ఇంట్లో బెండ మేడ మీద, ఇవి కింద.

కాడ లేవడం మొదలయ్యాక మాత్రం చూడటానికి ఎంత సంతోషంగా ఉంటుందో. జనవరి దాకా మెల్లగా ఆకులు వేస్తూ కూర్చున్న మొక్క సంక్రాంతి తర్వాత ఒక్కసారిగా పైకి లాగుతుంది, ప్రతి ఆకు మొదట్లోనూ ఒక గుండ్రటి మొగ్గ. ఈ టైంలోనే వెదురు కర్ర పాతేయాలి, కాడ నాలుగడుగులు అయ్యాక పాతితే వేరు తెగుతుంది. మెత్తటి పాత చీర పీలికతో వదులుగా, రెండు మూడు చోట్ల కట్టండి, మార్చి నుంచి మధ్యాహ్నం పూట సముద్రపు గాలి ఎలా ఉంటుందో విశాఖ వాళ్ళకి చెప్పక్కర్లేదు. పూలు కింద నుంచి మొదలై రోజుకి ఒకటి రెండు చొప్పున పైకి విచ్చుకుంటూ పోతాయి, పై మొగ్గలు విచ్చుకునేసరికి కింద కాయలు తయారవుతుంటాయి. తేనెటీగలు లోపలికి దూరి పుప్పొడి ఒళ్ళంతా పూసుకుని బయటికి వస్తాయి. తేనెపిట్టలు కూడా వస్తాయి, మందారం ఉన్న ఇంటికి వచ్చేవి దీన్నీ వదలవు.

నల్లగా కనిపించే ఆ మెరూన్ గురించి ఒక మాట. నీడలో చూస్తే నల్లగానే ఉంటుంది, వెనక నుంచి సాయంత్రం ఎండ పడితే పండిన నేరేడు రసం రంగు. నైగ్రా అని పాత రకం ఒకటి యూరప్ తోటల్లో చాలా కాలంగా ఉంది, దాని రెక్కల నుంచి తీసిన రంగుని ద్రాక్షసారాయికి ముదురు రంగు రావడానికి కలిపేవారు. నాకు వచ్చింది అచ్చం అదేనో కాదో విత్తనం మీద రాసి లేదు, అయినా నాకు అన్నిటికంటే అదే ఇష్టం. కానీ ఇష్టమైన రంగుని పట్టుకుని దాని విత్తనమే దాచడం మొదలుపెడితే విశాఖలో హాలీహాక్స్ నిలబడవు, ఇదే నేను గట్టిగా చెప్పాలనుకుంటున్నది.

ఎందుకంటే మనకి కావలసిన లక్షణాలు వేరు. ఒకటి, విత్తిన సీజన్లోనే పూయాలి. రెండు, తుప్పు వచ్చినా ఆకు రాలిపోకుండా నిలబడాలి. మూడోది మార్చి ఉక్కకి మొగ్గలు రాల్చకుండా ఉండటం. రంగు వీటి తర్వాతే. కాబట్టి ఫిబ్రవరిలోనే, ఇంకా పూలు నిండుగా రాకముందే, మొక్కలన్నిటి చుట్టూ తిరిగి చూస్తాను. ముందుగా కాడ లేపినవాటికి ఎర్ర ఊలు దారం కడతాను. మార్చిలో ఆకుల అడుగు తిప్పి చూసి, పొక్కులు బాగా ఉన్నవాటి దారం విప్పేస్తాను, ఎంత అందమైన పువ్వైనా సరే. గంధకం మానేసింది ఇందుకే, మందు కొడితే అన్ని మొక్కలూ బాగానే కనిపిస్తాయి, ఏది నిజంగా తట్టుకుంటుందో తెలియదు. చివరికి దారం మిగిలిన మొక్కల నుంచే విత్తనం. మొండికేసి పూయని మొక్కల్ని ఏప్రిల్లో తీసేస్తాను. ఇది కఠినంగా అనిపించొచ్చు, కానీ డెహ్రాడూన్ నుంచి వచ్చిన విత్తనాల్లో మొదటిసారి అదే సీజన్లో పూసినవి సగం కూడా లేవు, ఇప్పుడు నేను విత్తినవాటిలో పూయనివే తక్కువ. తుప్పు పూర్తిగా పోలేదు, పోదు కూడా, కానీ పూలు పూసే దాకా ఆకు పచ్చగా ఉండే మొక్కలు మాత్రం ఏటేటా ఎక్కువ కనిపిస్తున్నాయి. డబ్బు పెట్టి విదేశీ ప్యాకెట్ కొన్నా ఇది రాదు, ఎందుకంటే మన తేమలో, మన గాలిలో నిలబడిన మొక్కని ఎంచుకున్నవాళ్ళు అక్కడ ఎవరూ లేరు.

ఒకే ఒక్క మొక్క నుంచి మాత్రం తీయొద్దు. అది ఎంత బాగున్నా కనీసం ఐదారు మొక్కల విత్తనం కలపండి, లేకపోతే కొన్నేళ్ళలో బలం తగ్గిపోతుంది, తేడాలూ ఉండవు. మరి నల్లది? దాన్ని విడిగా కాపాడుకోవాలంటే మొగ్గ విచ్చుకునే ముందు రోజు సాయంత్రం పలచటి మల్‌మల్ గుడ్డ సంచి కట్టి, పువ్వు విచ్చుకున్న మర్నాడు ఇంకో నల్ల పువ్వు పుప్పొడిని మెత్తటి బ్రష్‌తో అంటించి మళ్ళీ సంచి కట్టేయాలి, లేదంటే తేనెటీగలు గులాబీరంగుతో కలిపేస్తాయి. హాలీహాక్ పువ్వులో ముందు పుప్పొడి రాలుతుంది, ఆ తర్వాతే పుప్పొడిని అందుకునే లోపలి కీలాగ్రాలు విచ్చుకుంటాయి, కాబట్టి పుప్పొడి తాజాగా విచ్చుకున్న పువ్వు నుంచి తీసుకుని, ఒక రోజు ముందు విచ్చుకున్న దానికి పెట్టండి. అలా చేసిన కాయలకి నల్ల దారం. ముద్దపూల రకాల విషయంలో ఇంకొకటి గుర్తుంచుకోవాలి, విత్తనం నుంచి అన్నీ ముద్దగానే రావు, కొన్ని ఒంటిరెక్కవి వస్తాయి. నాకు ఒంటిరెక్కవే ఇష్టం, తేనెటీగలకి దారి ఉంటుంది, వాన పడితే ముద్దపువ్వు నీళ్ళు తాగి కుళ్ళుతుంది.

కాయ కోయడం తేలికే కానీ టైం చూసుకోవాలి. పువ్వు వాడి రాలాక కింద తొడిమ ఆకులు మూసుకుంటాయి, లోపల విత్తనాలు గుండ్రంగా చక్రంలా పేర్చి ఉంటాయి. పచ్చగా ఉన్నప్పుడు కోస్తే పనికిరాదు. తొడిమ గోధుమరంగుకి మారి దానంతటదే కొంచెం తెరుచుకున్నప్పుడు కోయాలి, అదీ మధ్యాహ్నం, మంచు తడి ఆరాక. అన్నీ ఒకేసారి ఎండవు, కింద నుంచి వరసగా, కాబట్టి రెండు మూడు రోజులకోసారి చూస్తుండాలి. మే నెలలో బంగాళాఖాతంలో అల్పపీడనం అని వార్త వచ్చిందంటే ఆగకుండా గోధుమరంగు తిరిగినవన్నీ కోసేయండి, ఒక్క రాత్రి వాన పడినా కాయ లోపలే బూజు పట్టేస్తుంది. ఇంటికి తెచ్చాక విత్తనాన్ని దాని తొడిమ ముక్కలనుంచి, పొట్టునుంచి శుభ్రంగా వేరుచేయాలి, ఇది బద్ధకించే పని కాదు, తుప్పు ఆ ఎండిన తొడిమల మీద అంటుకుని వచ్చే ఏడాది దాకా ప్రయాణం చేయగలదు. చిల్లులు ఉన్నవి, నల్లగా ముడుచుకున్నవి, పురుగు తిన్నవి ఏరి పారేయండి.

తర్వాత నీడలో, ఫ్యాన్ కింద వారం. ఎర్రటి ఎండలో పెట్టకూడదు. మన ఊళ్ళో గాలిలోనే నీళ్ళుంటాయి, ఉప్పు డబ్బా తడిసిపోయే ఊరు, విత్తనం కవర్లో పెట్టి అలమరలో వదిలేస్తే సెప్టెంబర్‌కి సగం మొలకెత్తదు. మా అమ్మమ్మ దోస విత్తనాలకి పొయ్యి బూడిద రాసి గోడకి కొట్టి ఆరబెట్టేది, బూడిద తేమ పీల్చేస్తుందని. నేను కాగితం కవర్లో వేసి, ఏ మొక్కో, ఏ ఏడాదో, దారం రంగూ రాసి, గాలి చొరని స్టీలు డబ్బాలో తేమ పీల్చే సిలికాజెల్ పొట్లాలతో పాటు పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచుతాను. ఇలా ఉంచితే మూడేళ్ళ పాతది కూడా మొలుస్తోంది. ఫ్రిజ్‌లోంచి తీయగానే మూత తీయొద్దు, గది వేడికి వచ్చాక తీయండి, లేకపోతే చల్లటి విత్తనం మీద చెమ్మ పడుతుంది.

ఇంకొక పని ఉంది, దాన్ని నేను పెంచడం కంటే ముఖ్యంగా చూస్తాను. విత్తనం ఒక్క ఇంట్లోనే ఉండకూడదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖలో లెక్కలేనన్ని చెట్లు కూలిపోయాయి, ఎన్నో పెరళ్ళు, మేడ మీది కుండీలు, షెడ్లు పోయాయి. ఎన్నేళ్ళ కష్టమైనా ఒక్క రోజులో పోతుంది. అందుకని దారం కట్టిన మొక్కల విత్తనాన్ని మూడు భాగాలు చేస్తాను. ఒకటి నాకు. ఒకటి పెందుర్తిలో మా పిన్నికి, అక్కడ సముద్రపు గాలి తక్కువ, చలి కొంచెం ఎక్కువ. ఇంకొకటి అనకాపల్లిలో నా స్నేహితురాలికి, వాళ్ళది చెరకు తోట పక్కనున్న పెద్ద పెరడు. వాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే, మొత్తం ఒకే ఏడాది విత్తేయకుండా సగం ఫ్రిజ్‌లో దాచమని, ముందుగా పూసినవాటి కాయలు మాత్రమే కోయమని, వాళ్ళు వేరే చోట కొన్న హైబ్రిడ్ హాలీహాక్స్‌ని అదే పెరట్లో పెట్టొద్దని. పోయిన వేసవిలో పిన్ని దగ్గర నుంచి తిరిగి వచ్చిన కవర్లో లేత పసుపు రంగుది ఒకటి ఉంది, నా దగ్గర రెండేళ్ళుగా అది రావడం లేదు. ఈసారి దసరాకి ముందు దాన్నే విడిగా ఒక వరస వేస్తున్నాను, ఆ వరసలో ఫిబ్రవరి లోపల కాడ లేపినవాటికి పసుపు దారం కడతాను.